నీడలో ఉన్నవు గదా, అక్కా!

ఎండాకాలం వచ్చిందంటే ఈ ఖతర్ దేశంలో ఆరుబయట పనిచేసేవాళ్ళకు మధ్యాహ్నం పని ఆపేయాలని చట్టం ఉంది. మంచి చట్టం. పెట్టినవాళ్ళకు దండం పెట్టాలి. లుసైల్ సైటు నుంచి వచ్చి బస్సు మెట్ల మీదే కళ్ళు తిరిగి కూలబడ్డ మనిషిని రెక్కలు పట్టి లోపలికి తెచ్చి, ఉప్పేసిన మజ్జిగ తాగించినదాన్ని నేను. ఆ చట్టం లేకపోతే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నా కోపం చట్టం మీద కాదు. వాళ్ళకు ఇచ్చిన ఆ మధ్యాహ్నం ఎవరి దగ్గర తీసి ఇచ్చారని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నా దగ్గర తీసి ఇచ్చారు.

మేముండేది ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక పాత విల్లా. పెద్ద గదులను చెక్కలతో అడ్డం కట్టి చిన్న గదులు చేశారు. పైన, కింద కలిపి అంతా మా వైపు మగవాళ్ళే. జగిత్యాల, నిర్మల్, కామారెడ్డి పల్లెల నుంచి వచ్చి సైటు పనులు చేసేవాళ్ళు. వాళ్ళకు మెస్ నడిపేది భీమవరం వైపు ఆయన. ఆ మెస్‌లో వంట నాది. మా ఆయన కంపెనీ బస్సు నడుపుతాడు. చీకటితో లేచి వాళ్ళను సైటుకు చేరవేసి వచ్చి పడుకుంటాడు. మాకున్న ఒక్క గదిలో పగలంతా లైటు తీసేసి, కర్టెన్ వేసేసి ఉంటుంది. అక్కడ అక్షరం కనిపించదు.

అందుకని నేను రాసుకునేది వంటింట్లో. వంటిల్లంటే విల్లా వెనక గోడకు ఆనించి వేసిన రేకుల షెడ్డు. ఏసీ లేదు. రెండు పెద్ద పొయ్యిలు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్, నిలబెట్టే ఫ్యాన్ ఒకటి, మాంసమూ ఐసూ పెట్టుకునే పెద్ద ఫ్రీజర్ ఒకటి. ఆ ఫ్రీజర్ మూతే నా బల్ల. ఉల్లిగడ్డల డబ్బా బోర్లించుకుని కూర్చుంటే సరిగ్గా చేతికి అందే ఎత్తు. కాగితం ఎగరకుండా మీద చపాతీల కర్ర పెడతాను. చలికాలంలో అంతకంటే మంచి చోటు దోహాలో ఇంకొకటి లేదని నా నమ్మకం. డబ్బాలు కట్టి పంపేశాక, గిన్నెలు తోమేశాక, సాయంత్రం వంటకు ఉల్లిగడ్డ కోసేదాకా ఆ షెడ్డులో నేనూ ఫ్రీజర్ మోతా తప్ప ఇంకెవరూ ఉండరు.

నాకు అక్షరాలు వచ్చింది ఇక్కడికి వచ్చాకే, నెత్తి సగం నెరిశాక. అదీ కోపం మీదే నేర్చుకున్నాను. అంతకుముందు డబ్బాలకు రంగు దారాలు కట్టుకుని ఏది ఎవరిదో గుర్తుపట్టేదాన్ని. ఒకసారి మెస్ ఓనర్ అన్నీ ఒకేరకం కొత్త స్టీలు డబ్బాలు తెచ్చి, దారాలు అసహ్యంగా ఉన్నాయని కత్తిరించేసి, మార్కర్‌తో పేర్లు రాయించాడు. ఆ వారమే అంజన్న మాల వేసుకున్న అతనికి కోడిగుడ్డు కూర పోయింది. పాపం, రోజంతా మంచినీళ్ళు తాగి పనిచేశాడు. వచ్చాక అతను నన్ను పల్లెత్తు మాట అనలేదు. అన్నది ఓనర్. "పేర్లు రాసి ఉన్నాయి కదమ్మా, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?" అన్నాడు. పనిలో పెట్టుకున్న రోజే నాకు చదువు రాదని అతనికి తెలుసు. తెలిసీ దారాలు కత్తిరించాడు, తెలిసీ ఆ మాట అన్నాడు.

మా పక్క విల్లాలో హైదరాబాదు ఆమె ఒకామె ఉంటుంది, అక్క లెక్క ఆపా అని పిలుస్తాను. బురఖాలు కుడుతుంది. నిజామాబాదులో తెలుగు బడిలో చదువుకుంది. ఆ సాయంత్రమే వెళ్ళి "ఆపా, నాకు గీ పేర్లు సదువుడు నేర్పు" అన్నాను. ఆమె కుట్టబోతున్న నల్లబట్ట నేల మీద పరిచి, టైలరు సుద్దతో ఒక్కొక్క అక్షరం రాసింది. నేను దాని మీద దిద్దేదాన్ని. నిండిపోతే ఒక్కసారి దులిపితే మళ్ళీ నల్లగా అయ్యేది. మా ఊళ్ళో ఆడపిల్లల చేతికి పలక ఇవ్వనివాళ్ళు బీడీలు చుట్టమని చేట ఇచ్చారు. చేటలో ఆకు, తంబాకు, దారం. నేను పలక పట్టింది ఆపా గదిలో, ఎవరో కొనుక్కోబోయే బురఖా మీద.

పేర్లు చదవడం వచ్చాక ఆగుతాననుకున్నాను. ఆగలేదు. మసాలా ప్యాకెట్లు, మందుల డబ్బాలు, ఫోన్లో వార్తలు అన్నీ చదివాను. ఆ తర్వాత ఒకరోజు, బీడీల కార్ఖానాలో ఒకామె కథ నా తలలోకి వచ్చి కూర్చుంది. ఆమె చుట్టిన బీడీలను సేటు బాగాలేవని పక్కకు తీస్తాడు. పక్కకు తీసినవి కూలి ఇవ్వకుండా ఆయనే తీసుకుంటాడు. మా అమ్మకూ నాకూ రోజూ జరిగిందే. కథలో ఆమె మాత్రం ఒకరోజు, "బాగాలేనివి నీకెందుకు సేటూ, నావి నాకియ్యి" అంటుంది. మా అమ్మ ఎప్పుడూ అనలేదు. నేనూ అనలేదు. కథలో ఆమె అన్నది. అన్నాక ఏం జరిగిందో రాయాలి. దానికి నాకు నా మధ్యాహ్నం కావాలి.

ఎండాకాలం వచ్చింది. చీకట్లో వెళ్ళిన బస్సు ఎండ ముదరకముందే తిరిగి వచ్చేది. మగవాళ్ళంతా దిగి, స్నానాలు చేసి, హాల్లో అన్నాలకు వేసే సుఫ్రా గుడ్డ పరుచుకుని కూర్చునేవాళ్ళు. పొద్దున కట్టిచ్చిన డబ్బా కాక ఇప్పుడు మధ్యాహ్నం వేడి అన్నం. తిన్నాక ఆ హాల్లోనే ఏసీ కింద పడుకుని, మూడింటి అసర్ అజాన్ వేళకు లేచి మళ్ళీ సైటుకు. వంట ఒక పూట పెరిగింది. అది పెద్ద మాట కాదు, వంట నాకు చేతనైన పని. కష్టమల్లా తిన్న తర్వాత. అందరూ ఒకేసారి నిద్రపోరు. ఒకరికి దాహం, ఒకరికి చాయ్, ఒకరికి కడుపులో మంట.

"అక్కా, ఐస్ ఉన్నదా?"

ఉంది. ఐసు ఉన్నది నా బల్ల లోపల. కాగితాలు తీయాలి, చపాతీ కర్ర తీయాలి, మూత ఎత్తాలి. అతను ఐసు తీసుకుని వెళ్ళేదాకా కాగితాలు చంకలో పెట్టుకుని నిలబడాలి. మూత వేసి, తడి తుడిచి, మళ్ళీ పరుచుకుని, ఎక్కడున్నానో వెతుక్కుని కలం పట్టుకుంటే ఇంకొకతను.

"ఏం రాస్తున్నవక్కా? ఇంటికి ఉత్తరమా?"

"కథ."

"కథనా! అండ్ల మేమున్నమా?"

"లేరు."

"గట్లైతె ఎవలు సదువుతరు?"

నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు. చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళలో ఒక్కడు కూడా నాతో తలవంచి తప్ప మాట్లాడడు. కానీ వాళ్ళ కళ్ళకు నేను ఆ షెడ్డులో ఊరికే కూర్చున్నాను. బియ్యం ఏరుతూ కూర్చుంటే పని. కాగితం ముందు కూర్చుంటే ఊరికే. ఊరికే కూర్చున్న మనిషిని ఐసు అడగడానికి మొహమాటం దేనికి?

ఒకతనికి ఒకరోజు నోరు తెరిచి చెప్పాను. నిర్మల్ వైపు పిల్లగాడు, నోరు మంచిది. "తమ్మీ, జరసేపు నన్ను రాసుకోనియ్యుండ్రి. మీకు రెస్టు దొరికింది. నాకు గూడ జర దొరకనియ్యుండ్రి" అన్నాను.

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మాకంటె ఎండ అక్కా. రూలే ఎండల పనిచేసేటోళ్ళకు. నువ్వు నీడలనే ఉన్నవు గదా, అక్కా!"

అవును, నీడే. పైన రేకు. ఆ రేకు మీద అన్నం వండుకోవచ్చు. పక్కన రెండు పొయ్యిలు. నెత్తి మీది చెమట కాగితం మీద పడి సిరా పాకుతుంటే ముంజేతికి గుడ్డ చుట్టుకుని రాసేదాన్ని. బయట ఎంత వేడి ఉందో చూడటానికి పెద్ద పెద్ద సైట్లలో మనుషులను పెట్టారట. నా షెడ్డుకు రమ్మనండి. కానీ చట్టం అడిగేది నీడ ఉందా లేదా అనే. ఉంది.

ఇలా రోజులు పోతుంటే ఆపా ఒక వార్త తెచ్చింది. ముషైరిబ్ దగ్గర ఒక హాల్లో మన తెలుగువాళ్ళు కథలు రాయడం మీద మీటింగు పెడుతున్నారట, శుక్రవారం సాయంత్రం. రాసేవాళ్ళకు ప్రేరణ ఎట్లా నిలుపుకోవాలో, టైమ్ ఎట్లా చేసుకోవాలో చెప్తారట. నా ప్రాణం లేచొచ్చింది. నాకు కావాల్సింది అదే. బిర్యానీ పొద్దున్నే దమ్ముకు వేసి, సాయంత్రానికి రొట్టెలు ముందే చేసి మూతపెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుని ఆపాతో మెట్రో ఎక్కాను.

హాలు చల్లగా, బాగుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దాయన మాట్లాడారు. మంచి గొంతు. "రాయాలన్న తపన మీలో ఉంటే సమయం దానంతటదే దొరుకుతుంది. దొరకలేదంటే తపన లేదన్నమాట" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. "తెల్లవారుజామున నాలుగింటికి లేవండి. ప్రపంచమంతా నిద్రపోతుంటుంది. ఫోను మోగదు, తలుపు తట్టరు. ఆ నిశ్శబ్దం మీది" అన్నారు. మళ్ళీ చప్పట్లు.

నాలుగింటికి ప్రపంచం నిద్రపోతుందని ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆ వేళకు నేను పెనం మీద నుంచి రొట్టెలు తీస్తుంటాను. మా ఆయన బస్సుకు నీళ్ళు కొడుతుంటాడు. పైన బాత్రూముల ముందు లుంగీలు కట్టుకుని వరస ఉంటుంది. ఈ ఊరి రోడ్ల మీద కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి కదులుతుంటాయి. పెద్దాయన నిద్రపోతున్న ప్రపంచం ఏదో చెప్పారు గానీ అందులో మేం లేము.

ప్రశ్నలుంటే అడగమన్నారు. నా పక్కనున్న ఆపా నా చీర కొంగు పట్టి లాగింది, వద్దని కాదు, లెమ్మని. లేచాను.

"సార్, నాలుగింటికి నేను రాసుకుంట కూసుంటె డబ్బాలు ఎవలు కడ్తరు?"

హాలంతా గొల్లుమంది. పెద్దాయన కూడా నవ్వి, "ఎంత చక్కటి హాస్యం! చూశారా, ఈ అమ్మలో సహజమైన రచయిత్రి ఉంది" అని తనే చప్పట్లు మొదలుపెట్టారు. ఆ చప్పట్లలో నా ప్రశ్న కొట్టుకుపోయింది. నేను హాస్యమాడలేదు. డబ్బాలు ఎవరు కడతారో తెలిస్తే చెప్పమని అడిగాను.

తర్వాత చాయ్ తాగుతుంటే మీటింగు పెట్టినవాళ్ళలో ఒకామె నా దగ్గరకు వచ్చింది. చేతులు పట్టుకుంది, ప్రేమగానే. "మీరు కష్టపడి రాయక్కర్లేదమ్మా. ఫోన్లో మాట్లాడి పంపించండి, మేం రాసి పెడతాం. మీ బాధలన్నీ చెప్పండి. మీలాంటివాళ్ళ జీవితం చదవాలని జనానికి ఎంతో ఉంటుంది" అంది.

"నేను రాసేది నా బాధ కాదు మేడం. కథ" అన్నాను.

"అదేనమ్మా, మీ కథే."

"నా కథ కాదు. నేను కల్పించి రాసే కథ."

బాధ ఉన్న ఆడది కల్పించి కూడా రాస్తుందని ఆమెకు తోచలేదు. మాట మార్చి, తాను రోజూ పొద్దున రెండు గంటలు తప్పకుండా రాస్తానని చెప్పింది. "ఇంట్లో వంటకు ఒకామె ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే నా వల్ల అయ్యేది కాదు" అంది. ఆ సాయంత్రమంతా ఆ హాల్లో నేను విన్న నిజం అదొక్కటే. దాన్ని మైకులో ఎవరూ చెప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో ఆపా పక్కన కూర్చున్నాను. నేనే అన్నాను, "వాళ్ళు జోకనుకున్నరు ఆపా."

"నాకెరుక చెల్లే. మై తో హసీ నై, నేను నవ్వలే." తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసి అంది. "వాళ్ళు చెప్పుడు ఛోడో. నేను కుట్టేటప్పుడు ఏం జేస్త? తలుపు గడియ పెడ్త. కస్టమర్లు కొడ్తరు, బిడ్డ ఫోన్ జేస్తది, మా ఆయన చిల్లాతా. సూది నడిచేటప్పుడు నై ఖోల్తీ, బస్. తెరిస్తె కుట్టు వంకర పోతది. నీ వంటింటికి గడియ లేదా?"

ఉంది. రాత్రి పిల్లులు రాకుండా పెడతాను. పిల్లుల కోసం పెట్టే గడియ నా కోసం పెట్టుకోవచ్చని నాకు అప్పటిదాకా తోచలేదు. అది తలుచుకుంటే పెద్దాయన మీద వచ్చిన కోపం కంటే ఎక్కువ కోపం నా మీద నాకు వచ్చింది.

మరునాడు అన్నాల దగ్గరే చెప్పాను. సుఫ్రా చుట్టూ అందరూ కూర్చుని ఉన్నారు. "రేపటి సంది అన్నం, పప్పు, కూర, మజ్జిగ అన్నీ ఈ హాల్లనే పెడ్త. ఐస్ పెద్ద డబ్బ నిండ పోసి పెడ్త. చాయ్ థర్మాస్ల ఉంటది. ఎవల పళ్ళెం వాళ్ళు కడుక్కోండ్రి. నేను వంటింటి తలుపు పెట్టుకుంట. అజాన్ అయ్యేదాక కొట్టకుండ్రి."

ఒకతను ముద్ద పళ్ళెంలో పెట్టి తలెత్తాడు.

"ఆమ్లెట్ కావాల్నంటె ఎట్లక్కా?"

"కోడినడుగు."

నవ్వులు. నిర్మల్ పిల్లగాడు మాత్రం నొచ్చుకున్నాడు. "తలుపెందుకు అక్కా? మేమేమన్న దొంగలమా?"

"దొంగలే. ఐసు పేరు మీద వచ్చి నా మధ్యాహ్నం ఎత్కపోయిండ్రు."

వాళ్ళలో అందరికంటే పెద్దాయన, అందరూ మామ అని పిలిచే ఆయన, అన్నం కలుపుతూ మెల్లగా అన్నాడు. "చెల్లే, నీకేమన్న బిమారైతె చెప్పు. తలుపులు పెట్టుకునుడు దేనికి? మా ఆమెకు గూడ గీ వయసులనే గిట్ల కోపమచ్చేది. గోలీలు వాడితె తగ్గింది."

"బిమారి లేదన్నా. కథ ఉన్నది."

"కథకేంది? రాత్రి రాసుకో."

"రాత్రి మీ పొద్దటి కూరలు ఎవలు కోస్తరు?"

"శుక్రారం రాసుకో."

"శుక్రారం మీ బిర్యాని ఎవలు చేస్తరు?"

ఆయన ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు. వెతికాడు, నిజంగానే వెతికాడు. నా రోజులో ఆయన ఎక్కడ చెయ్యి పెట్టినా వాళ్ళ గిన్నే తగిలింది. చివరికి, "గట్లైతె రాసుడెందుకు చెల్లే?" అన్నాడు. ఆ ప్రశ్నలో వెటకారం లేదు. అందుకే ఎక్కువ మండింది. వంటకు అడ్డం రాని గంట దొరకకపోతే, మానేయాల్సింది నా రాత అని ఆయనకు అంత సులువుగా తేలిపోయింది. ఆయన ఇరవై ఏళ్ళుగా పేకాట ఆడతాడు. పేకాటెందుకని నేను అడగలేదు.

మరునాడు అన్నీ హాల్లో పెట్టి గడియ వేసుకున్నాను. మొదటి రోజు నాలుగైదు సార్లు కొట్టారు. "అక్కా, కారం ఎక్కడున్నది?" "అక్కా, నిద్రపోయినవా?" నేను పలకలేదు. పలకకుండా ఉండటం రాయడం కంటే కష్టం. ఆకలిగొన్న మగవాడు తలుపు కొడితే లేవకుండా ఉండటం నా ఒంటికి ఎవరూ నేర్పలేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా మోకాళ్ళు వాటంతటవే లేవబోయేవి. రెండు చేతులతో ఫ్రీజర్ అంచు పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన కూడా ఆ సాయంత్రం సణిగాడు. "వాళ్ళ మనసుకు మంచిగ లేదట. జర తలుపు తెరుసుకునే రాసుకోరాదు?" అన్నాడు. తెరిచి రాసుకుంటే ఏమైందో మూడు వారాలు చూశాను అన్నాను. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీటింగుల్లో దీన్ని ఎవరూ చెప్పరు. గడియ వేసుకున్నాక కథ రాలేదు. ఇన్ని రోజులు ఐసుకు లేచినప్పుడల్లా, కాగితాలు చంకలో పెట్టుకుని నిలబడ్డప్పుడల్లా, బీడీల ఆమె ఏమంటుందో నాకు వినబడేది. ఇప్పుడు అందరూ ఊరుకున్నాక ఆమె కూడా ఊరుకుంది. సేటు ముందు నిలబడి నా మొహం చూసింది. మొదటి రోజు అరవాక్యం రాశాను. రెండో రోజు ఆ అరవాక్యం కొట్టేశాను. మూడో రోజు ఫ్రీజర్ మీద తల పెట్టుకుంటే చల్లగా తగిలి నిద్ర పట్టేసింది.

నిద్ర లేపింది మెస్ ఓనర్. తలుపు దబదబా బాదాడు. అతని గొంతు విని తీశాను.

"ఏమ్మా, వంటింటికి గడియ పెట్టుకుంటున్నావంట? కుర్రాళ్ళు ఫోన్ చేశారు."

"అన్నం పెట్టినంకనే పెట్టుకుంటున్న సార్."

"అన్నం పెట్టలేదని నేనన్లేదు. చూడ్డానికి బాగోదు కదా. ఇంతకీ లోపలేం చేస్తన్నావు?"

"రాసుకుంటున్న."

అతను నవ్వాడు. నవ్వి, పెద్ద మనసు చేసుకున్నాడు. "సరే, రాసుకో తల్లీ, మంచి అలవాటే. నేను పర్మిషన్ ఇచ్చానని చెప్తాలే వాళ్ళకి." నేను పర్మిషన్ అడగలేదు. ఆ మాట అనేలోపే చెయ్యి చాచాడు. "ఏదీ, మూడ్రోజుల్లో ఎన్ని పేజీలు రాశావో చూద్దాం."

ఫ్రీజర్ మీద ఒకే కాగితం ఉంది. దాని మీద కొట్టేసిన అరవాక్యం. నా బుగ్గ మీద ఫ్రీజర్ మూత అచ్చు కూడా ఉండే ఉంటుంది. అతను కాగితం చూశాడు, నన్ను చూశాడు.

"ఇదా? ఇందుకేనా వాళ్ళందర్నీ ఇబ్బంది పెట్టింది? మరి రాయనప్పుడు తలుపెందుకమ్మా?"

నేను సాధారణంగా ఓనర్ ముందు గొంతు లేపను. ఆ రోజు అతని ముందు నడిచి హాల్లోకి తీసుకుపోయాను. ఏసీ హోరు. కర్టెన్లు వేసి ఉన్నాయి. గోడ నుంచి గోడ దాకా వరసగా పడుకున్న మనుషులు. మామ నోరు తెరిచి గురక పెడుతున్నాడు. నిర్మల్ పిల్లగాడు దుప్పటి నెత్తి నిండా కప్పుకున్నాడు.

"గీళ్ళను లేపి అడుగు సార్. ఇయ్యాల ఎంత నిద్రపోయిండ్రో సూపియ్యమను. నిద్ర పట్టనోనికి రెస్టు బంద్ జేస్తవా?"

"ఊరుకో అమ్మా, లేస్తారు. వాళ్ళది రెస్టు. దానికి చట్టం ఉంది."

"నాకు లేదు. అందుకే గడియ పెట్టుకున్న."

దుప్పటి కింద నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నిర్మల్ పిల్లగాడే అనుకుంటాను. ఓనర్ అటు చూసి, నా వైపు చూసి, "ఎండకి అందరికీ తిక్కెక్కుతోంది" అని గొణుక్కుంటూ చెప్పులు వేసుకున్నాడు. ఇంకో వంటామె దొరకదా అని కూడా అన్నాడు, గేటు దగ్గర, నాకు వినబడేలా. దొరకొచ్చు. ఈ రెండు పొయ్యిల దగ్గర, ఈ రేకు కింద నిలబడే మనిషి దొరికితే పెట్టుకోమనండి. ఆమెకూ మధ్యాహ్నం ఉంటుంది. దాంతో ఆమె ఏం చేసుకుంటుందో ఆమె ఇష్టం.

నేను షెడ్డులోకి వచ్చి మళ్ళీ గడియ వేశాను. కోపంలో కథ వస్తుందంటారు, నాకు రాదు. కలం పట్టుకుంటే ఓనర్ మాటలే తిరుగుతున్నాయి. ఒక్క అక్షరం పడలేదు. అయినా లేవలేదు. కాసేపటికి ఎవరో తలుపు మీద ఒక్కసారి, మెల్లగా కొట్టారు. మామ గొంతు.

"చెల్లే, ఐస్ అయిపోయింది."

నేను ఆ ఖాళీ కాగితం ముందే కూర్చున్నాను. అజాన్ వినబడేదాకా తలుపు తీయలేదు.